గోడ గల కణము, గోడ లేని కణము

ఏలూరు పట్టణమున రెండు పోగుల పరిశ్రమలు వర్ధిల్లినవి. ఒకటి ఉన్ని తివాసీల నేత. పారసీక దేశమునుండి వచ్చిన నేతగాండ్రు ముస్లిము ప్రభువుల కాలమున ఇచట స్థిరపడి ఈ విద్యను నాటిరని ప్రతీతి. రెండవది జనపనార పరిశ్రమ. ఇరువదవ శతాబ్దియందు ఈ ఊరి మిల్లులో నారను వడికి, గోనెపట్టా నేసి, సంచులు కుట్టెడివారు. ఉన్ని గొఱ్ఱె మేనినుండి వచ్చును. జనపనార మొక్క కాండమునుండి వచ్చును. కంటికి రెండును సన్నని పొడవైన పోగులే. కాని రెండింటినీ నిప్పునకు చూపినచో భేదము వెంటనే తెలియును. ఉన్నిపోగు ముడుచుకొని, వెండ్రుక కాలిన కమురు వాసనతో నల్లని ఉండ అగును. జనపనార పోగు కాగితమువలె మండి బూడిద అగును.

ఈ భేదమునకు కారణము ఆ రెండు పోగులను నిర్మించిన కణములలో కలదు. గొఱ్ఱె చర్మములోని రోమకూపముల అడుగున పుట్టిన కణములు కెరటిను అను మాంసకృత్తును తమలో నింపుకొని, గట్టిపడి, చచ్చి, పైకి నెట్టబడును. కాబట్టి ఉన్ని యనగా కణముల లోపలి సరకు. జనపనార సంగతి ఇందుకు విరుద్ధము. కాండములను నీటిలో ఊరవేసినపుడు సూక్ష్మజీవులు కణములను అంటించి ఉంచు పెక్టిను అను జిగురును కరగించును, నార విడివడును. ఆ నారలో లోపలి సరకు మిగులదు. చేతికి వచ్చునది కణముల గోడలు మాత్రమే. జంతువు తన కణములోని సరకును మనకిచ్చినది. మొక్క తన కణపు గోడను ఇచ్చినది. మొక్క కణమునకు గోడ కలదు, జంతుకణమునకు లేదు అను ఈ ఒక్క వాక్యమును నేడు పాఠశాల విద్యార్థి ఒక నిమిషములో నేర్చును. కాని శాస్త్రజ్ఞులు దాని పూర్తి అర్థమును గ్రహించుటకు దాదాపు మూడువందల ఏండ్లు పట్టినది. ఆ కథలో కొల్లేటి సీమకు చెందిన ఒక మహనీయుని పాలు కూడ కలదు.

బెండులోని గదులు

ఇంగ్లండు దేశపు రాబర్టు హుక్ 1665లో ఒక గ్రంథమును ప్రకటించెను. అందు సూక్ష్మదర్శినిలో తాను చూచిన వస్తువుల బొమ్మలను అచ్చువేసెను. సీసాలకు బిరడాగా వాడు బెండును పదునైన కత్తితో పలుచని పొరగా కోసి చూడగా, అందు తేనెపట్టులోని గదులవంటి చిన్న చిన్న గదులు కనబడెను. ఘనపు అంగుళము బెండులో అట్టి గదులు 125 కోట్లకు పైగా ఉండునని ఆయన లెక్క కట్టెను. ఆ గదులకు ఆయన వాడిన ఆంగ్లపదమునే తెలుగున కణము అనుచున్నాము.

హుక్ చూచినవి వట్టి గదులు. బెండు చచ్చిన బెరడు. అందు ప్రాణమున్న పదార్థమేమియు లేదు. ఆయన చూచినది గోడలనే. కణమను మాట పుట్టుటయే గోడను చూచి పుట్టినది. ఇల్లు ఖాళీ చేసి పోయినవాని పేరు తెలియక, ఇంటి గోడలనుబట్టియే ఆ ఇంటికి పేరు పెట్టినట్లయ్యెను. తరువాత 1670 ప్రాంతములలో ఇంగ్లండున నెహెమయా గ్రూ, ఇటలీలో మార్సెల్లో మాల్పీగీ అనువారు మొక్కల కాండములను, వేళ్లను పరిశీలించి, అంతటను ఇట్టి గదులే ఉన్నవని చూపిరి.

ఆ కాలముననే హాలెండున లీవెన్‌హుక్ రక్తములోని ఎఱ్ఱకణములను, కుంటనీటిలోని సూక్ష్మజీవులను చూచెను. ఐనను మొక్క గదికి, రక్తపు బిందువులోని ఆ చిన్న గుండ్రని వస్తువునకు పోలిక యుండునని ఎవ్వరికిని తోచలేదు. ఒకదానికి గోడ గలదు, రెండవదానికి లేదు. చుట్టము పోలిక ఎట్లు పట్టగలరు?

భోజనమువేళ చిక్కిన పోలిక

జంతువుల కండను, చర్మమును సూక్ష్మదర్శినిలో చూచినవారికి చాలాకాలము వట్టి మసకయే కనబడెను. గోడలు లేనందున కణముల అంచులు స్పష్టముగా ఏర్పడవు. కణములన్నియు నీరువలె పారదర్శకములు. దానికితోడు ఆనాటి కటకములు రంగుల అంచులను చూపి కంటిని మోసగించెడివి. 1830 తరువాత మేలైన కటకములు వచ్చినవి. 1831లో రాబర్టు బ్రౌన్ మొక్క కణములలో ఒక గుండ్రని భాగము తఱచుగా ఉండునని గుర్తించెను. అదియే కేంద్రకము.

1838లో జర్మనీ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ష్లైడెన్ మొక్క యావత్తును కణములతో కట్టబడినదని ప్రకటించెను. ఒకనాడు భోజనము చేయుచు ఆయన తన మిత్రుడైన ష్వాన్‌తో మొక్క కణములలోని కేంద్రకమును గూర్చి ముచ్చటించెను. ష్వాన్ జంతువుల శరీరమును పరిశీలించువాడు. తోకకప్పల వెన్నులోని మెత్తని కడ్డీయందు తానును అట్టి వస్తువునే చూచినట్లు ఆయనకు వెంటనే స్ఫురించెను. ఇద్దరును కలిసి పోయి చూచిరి. అది కేంద్రకమే. 1839లో ష్వాన్ ప్రకటించిన గ్రంథముతో మొక్కలకు, జంతువులకు మూలద్రవ్యము ఒక్కటే అను కణసిద్ధాంతము స్థిరపడినది.

ఇందొక చమత్కారము కలదు. ష్వాన్ ఎన్నుకొన్న వెన్నుకడ్డీ కణములు, మృదులాస్థి కణములు అంచులు స్పష్టముగా కనబడు కణములు. జంతుశరీరమున మొక్క కణములను ఎక్కువగా పోలినవి అవియే. వానిచే ఆరంభించినందున ఆయనకు పోలిక చిక్కినది. కాని ఆ కారణముననే ప్రతి కణమునకును గోడవంటి కవచము ముఖ్యమని ఆయన తలచెను.

గోడయా, లోపలి సరకా?

ఆ రోజులలోనే పారిస్ నగరమున పేయెన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు అనేకజాతుల మొక్కలనుండి గోడల పదార్థమును వేఱుచేసి, అన్నింటను ఒకే వస్తువు కలదని 1838లో చూపెను. దానికి సెల్యులోజు అను పేరు వచ్చెను. ప్రత్తి, జనపనార, కఱ్ఱ, కాగితము, వరిగడ్డి అన్నింటను ఉన్నది అదియే. కర్బనము, ఉదజని, ఆమ్లజని అను మూడు మూలకములతోనే అది ఏర్పడినది. ఉన్నిలోని కెరటినులో వీనితోపాటు నత్రజని, గంధకము కూడ కలవు. కాలునపుడు కమురు వాసన ఇచ్చునవి ఇవియే.

పేయెన్ గోడను శోధించుచుండగా ఇతరులు లోపలి సరకును శోధించిరి. సూక్ష్మజీవులలో ప్రాణమున్న జిగట పదార్థమును దుజార్దిన్ 1835లో వర్ణించెను. మొక్క కణములోని అట్టి పదార్థమును ఫాన్ మోల్ 1846లో వర్ణించి, దానికి వాడుకలోనికి వచ్చిన పేరు పెట్టెను. తెలుగున అది జీవపదార్థము. 1861లో మాక్స్ షుల్‌జ్ రెండు దారులను కలిపెను. కణమనగా కేంద్రకము గల జీవపదార్థపు ముద్ద; గోడ దానికి అవసరము కాదు అని ఆయన వాదించెను. హుక్ గోడను చూచి పెట్టిన పేరు ఇట్లు రెండు శతాబ్దములకు గోడ లేని వస్తువునకు చెందినది.

కంటికానని పొర

గోడ లేనిచో జంతుకణము లోపలి సరకు బయటి నీటిలో ఏల కలసిపోదు? దీనికి సమాధానము చిత్రముగా మొక్కలనుండియే వచ్చినది. 1855 ప్రాంతమున నేగెలీ, 1877 ప్రాంతమున డి వ్రీస్, ఫెఫర్ అను వృక్షశాస్త్రజ్ఞులు మొక్క కణములను ఉప్పునీటిలోను, చక్కెరనీటిలోను ఉంచి చూచిరి. గోడ ఉన్నచోటనే నిలిచెను. కాని లోపలి జీవపదార్థము నీటిని కోల్పోయి గోడను వదలి ముడుచుకొనెను. మంచినీటిలో వేయగా మరల ఉబ్బి గోడను ఆనుకొనెను. దీనినిబట్టి గోడకు లోపల, జీవపదార్థమును చుట్టి, మఱొక పలుచని పొర కలదని తేలినది. అది నీటిని పోనిచ్చును, ఉప్పును పోనీయదు. దానికే కణత్వచమని పేరు.

అనగా మొక్క కణమునకు పైభాగమున రెండు కట్టడములు కలవు. బయటిది సెల్యులోజు గోడ, దానిని కణకవచమందురు. లోపలిది కణత్వచము. జంతుకణమునకు త్వచము ఒక్కటే. గోడకు రంధ్రములు పెద్దవి. నీరు, లవణములు స్వేచ్ఛగా దాటును. ఎవరు లోనికి రావలయునో, ఎవరు రాకూడదో నిర్ణయించునది త్వచమే. గోడ ప్రాకారమైన, త్వచము ద్వారపాలకుడు.

1890 దశకమున ఓవర్టన్ క్రొవ్వులో కరగు పదార్థములు కణములోనికి సులభముగా దూరునని కనిపెట్టి, త్వచము క్రొవ్వువంటి పదార్థముతో ఏర్పడినదని ఊహించెను. 1925లో హాలెండున గోర్టర్, గ్రెండెల్ అనువారు ఎఱ్ఱరక్తకణములనుండి క్రొవ్వును తీసి నీటిపై పఱచి కొలిచిరి. అది కణముల ఉపరితలమునకు రెట్టింపు వచ్చెను. కాబట్టి త్వచమున క్రొవ్వు రెండు వరుసలుగా ఉన్నదని వారు చెప్పిరి. వారి కొలతలలో రెండు తప్పులు దొరలినవి. ఒక తప్పు మఱొకదానిని సరిచేయుటచే ఫలితము నిలిచినది. 1950 దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని త్వచమును కంటికి చూపెను. మిల్లీమీటరును లక్ష భాగములు చేసినచో, అందొక భాగముకన్న అది పలుచన. ఆ క్రొవ్వు వరుసలలో మాంసకృత్తులు తేలుచుండునని సింగర్, నికల్సన్ 1972లో చిత్రించి చూపిరి. ఆ చిత్రమే నేటి పాఠ్యపుస్తకములందు కలదు.

నీరు పెట్టు పరీక్ష

కొల్లేరు కృష్ణా, గోదావరుల డెల్టాల నడుమ నున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు దానిలో కలియును. ఉప్పుటేరు దానినుండి బయలుదేరి సముద్రమును చేరును. కొల్లేటి నీటిలో లవణములు తక్కువ. ఆ నీటిలో బ్రతుకు ప్రతి కణములోను లవణములు, చక్కెరలు ఎక్కువ. అట్టిచోట నీరు పలుచని వైపునుండి చిక్కని వైపునకు, అనగా కణములోనికి, ఎడతెగక చొచ్చుచుండును. దీనినే ద్రవాభిసరణమందురు. నీరు చొచ్చిన కొలది కణము ఉబ్బును. ఉబ్బి ఉబ్బి పగులకుండుట ఎట్లు?

మొక్క ఈ పరీక్షకు గోడతో సమాధానము చెప్పును. నీరు చొచ్చగా జీవపదార్థము ఉబ్బి గోడను నెట్టును. గోడ తిరిగి దానిని నొక్కును. ఒత్తిడులు సమమైనపుడు నీరు చొచ్చుట నిలుచును. ఈ ఒత్తిడి సామాన్యముగా మోటారు చక్రములోని గాలి ఒత్తిడికన్న హెచ్చు. లేత ఆకును, పూవును నిలబెట్టునది ఈ ఒత్తిడియే. అంగడిలో వాడిన తోటకూర కట్టపై నీరు చిలకరించగా మరల బిఱుసెక్కుట అందఱును ఎఱిగినదే.

జంతుకణమునకు గోడ లేదు. ఎఱ్ఱరక్తకణములను మంచినీటిలో వేసినచో క్షణములలో ఉబ్బి పగులును. అందుచేతనే వైద్యులు రోగి నరమునకు వట్టి నీటిని ఎక్కింపరు, నూటికి 0.9 వంతు ఉప్పు కలిపిన ద్రావణమును ఎక్కింతురు. ఇక కుంటనీటిలో నివసించు అమీబా ఎట్లు బ్రతుకును? దాని దేహమున ఒక చిన్న బుడగ కలదు. అది చొచ్చిన నీటిని పోగుచేసి, నిండగానే బయటికి చిమ్మును. మరల నిండును, మరల చిమ్మును. పడవలోనికి ఊరు నీటిని తోడిపోయువానివలె అది బ్రతికినన్నాళ్లు తోడుచునే ఉండును. ఆ ప్రక్కనే అదే నీటిలో తేలు పచ్చని నాచుపోగునకు ఆ శ్రమ లేదు. దానికి గోడ కలదు. కొల్లేటి కొఱ్ఱమీనునకును ఇదే బాధ. మొప్పల గుండా చొచ్చిన నీటిని మూత్రపిండములు పలుచని మూత్రముగా విసర్జించును. పోయిన లవణములను మొప్పలు నీటినుండి తిరిగి ఏరుకొనును.

భీమవరమునుండి బోస్టనుకు

తోడుటకు శక్తి కావలయును. కణమునకు ఆ శక్తి ఏ రూపమున అందును? ఈ ప్రశ్నకు సమాధానము కనుగొన్నవారిలో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న కొల్లేటికి దాపున ఉన్న భీమవరమున జన్మించెను. మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, 1923లో అమెరికాలోని బోస్టను నగరమునకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలసి పరిశోధనలు చేసెను. శరీరద్రవములలోని భాస్వరమును కొలుచుటకు వారిద్దరు 1925లో ప్రకటించిన పద్ధతి ప్రపంచమంతట ప్రయోగశాలలలో వాడుకలోనికి వచ్చినది. 1927లో కండలలోని ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929లో అడినోసిను ట్రైఫాస్ఫేటును వారు ప్రకటించిరి. రెండవదానిని అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ వేఱుగా కనుగొనెను. సంక్షిప్తముగా ఏ.టి.పి. అనబడు ఈ పదార్థము జీవకణములన్నింటను చెలామణియగు శక్తినాణెము. సుబ్బారావు తరువాత లెడర్లీ సంస్థలో అనేక ఔషధముల పరిశోధనకు నాయకత్వము వహించి, 1948 ఆగస్టులో మరణించెను.

ఆ నాణెము కణత్వచమున ఎట్లు ఖర్చగునో 1957లో తెలిసినది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ పీతకాళ్లలోని నాడులను నూఱి, వాని త్వచపు ముక్కలను పరీక్షించెను. అందు ఏ.టి.పి.ని విఱుచు ఒక మాంసకృత్తు కలదనియు, సోడియము, పొటాసియము రెండును ఉన్నపుడే అది చుఱుకుగా పనిచేయుననియు కనుగొనెను. అది ఒక పంపు. ఒక్కొక్క ఏ.టి.పి. ఖర్చుతో మూడు సోడియము అయానులను బయటికి నెట్టి, రెండు పొటాసియము అయానులను లోనికి తెచ్చును. లోనికి కారిన ఉప్పును ఇట్లు నెట్టివేయుటచే, ఉప్పు వెంట రాదగిన నీరు కూడ ఆగును. పంపు నిలిచినచో కణము ఉబ్బిపోవును. గన్నేరు విషము పట్టునది ఈ పంపునే. గుండె దానిచే దెబ్బతినును. విశ్రాంతిగా ఉన్న మనుష్యుని శరీరము వ్యయించు శక్తిలో సుమారు ఐదవ వంతు ఈ పంపునకే పోవును. స్కౌకు 1997లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. ఏ.టి.పి. కణములో ఎట్లు తయారగునో తెలిపిన బోయరు, వాకరు అదే బహుమానమును పంచుకొనిరి.

మొక్క కణత్వచమునను పంపులు కలవు. అవి ముఖ్యముగా ఉదజని అయానులను నెట్టును. కాని పగిలిపోవుననెడి భయము మొక్క కణమునకు లేదు. గోడను ఒకసారి కట్టుకొన్న చాలును. జంతుకణము గోడ కట్టలేదు; దానికి బదులు జీవితాంతము కూలి చెల్లించుచున్నది.

గోడ ఖరీదు

అట్లయిన జంతువు నష్టపోయినదా? లేదు. గోడ గల కణము కదలలేదు. మొక్క కణము పుట్టినచోటనే పెరుగును, అచటనే చచ్చును. ప్రక్క కణముతో దానికి పెక్టిను జిగురుతో అంటు కుదిరినది. గోడలలోని సన్నని సందుల గుండా మాత్రమే ఇరుగుపొరుగుల జీవపదార్థము కలియును. జంతుకణము మెత్తనిది. కండ ముడుచుకొనుట, నాడి చాచుకొనుట, తెల్లరక్తకణము ప్రాకిపోయి సూక్ష్మజీవిని చుట్టి మ్రింగుట గోడ లేనందుననే సాధ్యమైనవి. దేహమునకు కావలసిన గట్టిదనమును జంతుకణములు తమ వెలుపల కొల్లాజెను పోగులుగాను, ఎముకగాను, పీతకు పెంకుగాను కట్టుకొన్నవి. గట్టిదనము మొక్కలో ప్రతి కణమునకు విడివిడిగా కలదు. జంతువులో అందఱికిని ఉమ్మడిగా కలదు.

ఈ భేదము వైద్యమునకును ఉపకరించినది. సూక్ష్మక్రిములైన బాక్టీరియములకును గోడ కలదు. ఐతే అది సెల్యులోజుది కాదు, వేఱొక పదార్థముది. పెన్సిలిను ఆ గోడ కట్టుబడిని చెఱచును. గోడ బలహీనమైన క్రిమి నీరు చొచ్చి పగులును. మనుష్యుని కణమునకు గోడయే లేదు గనుక పెన్సిలిను దానిని ఆ విధముగా బాధింపజాలదు.

తరగతిలో చూపదగిన ప్రయోగము

తాడేపల్లిగూడెము ఉల్లిపాయల టోకు వ్యాపారమునకు పేరుపొందిన ఊరు. ఆ ఉల్లిపాయయే కణకవచమును చూచుటకు ఉత్తమమైన సాధనము. ఉల్లి పొర లోపలివైపున ఉన్న పలుచని చర్మమును తీసి, గాజుపలకపై నీటిలో ఉంచి చూడగా ఇటుకలు పేర్చినట్లు కణముల గోడలు కనబడును. ఎఱ్ఱ ఉల్లి పైచర్మమైనచో లోపలి రసమునకు రంగు ఉండుటచే ప్రయోగము మఱింత స్పష్టముగా ఉండును. దానిపై చిక్కని ఉప్పునీటి చుక్క వేసినచో, కొద్ది నిమిషములలో రంగుముద్ద గోడను వదలి ముడుచుకొనును. గోడ, త్వచము అను రెండు కట్టడములు వేఱువేఱని విద్యార్థి తన కన్నులతోనే చూడగలడు. ఉప్పునీటిని తీసి మంచినీరు వేసినచో ముద్ద మరల ఉబ్బును. దీనికి ప్రక్కన చెంప లోపలి కణములను రంగు వేసి చూపినచో, ఇటుకల వరుస లేదు. అంచులు వంకరటింకరగా ఉన్న మెత్తని పలుకులు, నడుమ కేంద్రకము మాత్రమే కనబడును.

ఆ ఉప్పునీటి చుక్క గాజుపలకపై చేసిన పనినే ఉప్పుటేరు పొలములలో చేయగలదు. కొల్లేటి మట్టము తగ్గిన వేసవిలో సముద్రపు పోటు ఉప్పునీటిని ఏటి గుండా ఎగువకు తెచ్చును. మంచినీరు చొచ్చి రాకుండ ఆపుటకు గోడ చాలును గాని, కణమునుండి నీటిని లాగివేయు ఉప్పును గోడ ఆపలేదు. వరివేరులోని కణములు నీరు నిండిన పొలమునందే దాహముతో వాడును. చేప కొంతవఱకు ఈది తప్పించుకొనగలదు. నాటిన వరికి ఆ దారి లేదు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడిన కొల్లేటిలో మంచినీటి మట్టమును నిలుపుట ఎందులకని విద్యార్థి అడిగినచో, ఉపాధ్యాయుడు ముందుగా ఆ ఉల్లిపొరను చూపవచ్చును.